తెలుగు అర్థం బట్టీ పట్టాలా, ఇంగ్లీషులోనే చిన్న వివరణతో నేర్చుకోవాలా?

కుట్టుమిషన్_రాజేశ్వరి (తణుకు)

అందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గరే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మా బాబు అయిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. వాడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళూ తెలుగు పేజీ చూసి నెట్టుకొచ్చాను. ఇప్పుడు వాడి కోసం కాదు, నా కోసమే నేర్చుకోవాలని ఉంది.

బస్టాండు పక్కన షాపులో ఒక గైడు కొన్నాను. ఏ నుంచి జెడ్ దాకా వరసగా మాటలు, ఎదురుగా తెలుగు. 'అబాండన్ – పరిత్యజించు', 'అబేట్ – ఉపశమించు', 'అబ్‌హార్ – ఏవగించుకొను'. ఇంకా ఏ దాటలేదు. ఈ మాటలు ఎవరు ఎక్కడ వాడతారో అర్థం కావట్లేదు. బాబు వాళ్ళ టీచరేమో "తెలుగు అర్థాలు చూడకండి, ఇంగ్లీషు-ఇంగ్లీషు డిక్షనరీ చూడండి" అన్నారు. సరేనని ఫోన్లో వాటర్ అని కొట్టాను. కలర్‌లెస్, ట్రాన్స్‌పరెంట్, ఓడర్‌లెస్ లిక్విడ్ అని వచ్చింది. నీళ్ళంటే నాకు తెలుసు. తెలియనివి ఆ మాటలే!

ఏ పద్ధతి మంచిది? తిట్టకుండా చెప్పండి.

నర్సన్న_నల్లగొండ

తెలుగు అర్థమే చూడండి అక్కా. నేను లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేస్తా. వే బిల్లు, ఇన్‌వాయిస్, డిలే, డ్యామేజ్, అన్నీ తెలుగులో అర్థం అడిగి నేర్చుకున్నవే. ఇంగ్లీషులో వివరణ చదివి, అది అర్థం కాక మళ్ళీ తెలుగు వెతకడం డబుల్ పని. పనిచేసుకునేవాళ్ళకు అంత టైం ఎక్కడిది?

చదువరి

రాజేశ్వరి గారూ, మీ ఫోన్లో వచ్చింది ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడేవాళ్ళ కోసం రాసిన డిక్షనరీ. వాళ్ళకు నీళ్ళంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి శాస్త్రం పుస్తకంలాగా రాసేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం లెర్నర్స్ డిక్షనరీలని వేరే ఉన్నాయి. వాటిలో ఇదే వాటర్‌కి 'వానగా పడేది, మనుషులు తాగేది' అన్న ధోరణిలో రెండు ముక్కలు ఉంటాయి.

వీటి పుట్టుకలో మన దేశానికి వాటా ఉంది. మైకేల్ వెస్ట్ అనే ఆయన బ్రిటిష్ కాలంలో బెంగాల్ విద్యాశాఖలో పనిచేశాడు, ఢాకాలో ఉండేవాడు. బెంగాలీ పిల్లల పాఠాల్లో అరుదైన మాటలు గుప్పించడం వల్లే వాళ్ళకు చదవడం రావట్లేదని ఆయన వాదన. 1935లో ఎండికాట్ అనే ఆయనతో కలిసి ఒక డిక్షనరీ తెచ్చాడు. సుమారు 24,000 మాటలకూ నుడికారాలకూ అర్థాలు రాయడానికి వాళ్ళు వాడుకున్నవి 1,490 మాటలే. ఆయన 1953లో వేసిన జనరల్ సర్వీస్ లిస్టులో, అంటే ఎక్కువగా వాడే మాటల జాబితాలో, 2,000 దాకా మాటలున్నాయి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ కూడా దాదాపు 2,000 మాటల్లోనే అర్థాలన్నీ చెప్పింది. అంటే ఆ 2,000 వస్తే, మిగతా డిక్షనరీ ఎవరి సాయమూ లేకుండా చదువుకోవచ్చు.

టీచరు గారు డిక్షనరీ చూడమన్నారు బాగానే ఉంది, ఏ డిక్షనరీయో చెప్పలేదు.

నర్సన్న_నల్లగొండ

చరిత్ర బాగుంది సార్. కానీ ఆ మొదటి 2,000 ఎట్లా వస్తాయి? వాటికి ఏ మాటల్లో అర్థం చెప్తారు? అక్కడ తెలుగు రాకుండా ఎవరైనా చెప్పమనండి చూద్దాం.

చదువరి

మంచి ప్రశ్న. అక్కడ తెలుగు కావాల్సిందే. మాటల్ని మొదటిసారి పరిచయం చేసుకోవడానికి మాతృభాషలో అర్థం చెప్పుకోవడం బాగా పనిచేస్తుందనే పాల్ నేషన్ లాంటి పరిశోధకులు కూడా అంటారు. తెలుగు ముట్టుకోవద్దనే టీచర్ల మాట నేనూ ఒప్పుకోను.

అనిల్_కూకట్‌పల్లి

నర్సన్నా, ఆ మొదటి మాటల్లో చాలా భాగం మన నోట్లో ఇప్పటికే ఉంది. రాజేశ్వరక్కా, మీ కొలతల పుస్తకం ఒకసారి తీయండి. లెంగ్త్, చెస్ట్, వెయిస్ట్, షోల్డర్, నెక్, ఫ్రంట్, బ్యాక్, లూజ్, టైట్, హుక్, బటన్, లైనింగ్. ఇవి ఎవరూ బట్టీ పట్టించలేదు కదా. బస్సు, టికెట్, స్విచ్, గ్లాసు, బ్యాగు, రోడ్డు, షాపు, రేటు, సైజు, ఓపెన్, క్లోజ్, ఫాస్ట్, స్లో కూడా కలుపుకోండి. ఈ సరుకుతోనే 'స్లీవ్: ది పార్ట్ ఆఫ్ ఎ షర్ట్ ఫర్ యువర్ ఆర్మ్' చదవగలరు. తెలియని మాట ఒక్క ఆర్మ్ ఉంటుందేమో. అది తెలుగులో రాసుకోండి.

కుట్టుమిషన్_రాజేశ్వరి

కొలతల పుస్తకం సంగతి అసలు తట్టలేదు తమ్ముడూ! మేము స్లీవ్‌ని 'హ్యాండ్' అంటాం. "హ్యాండ్ ఎంత పెట్టాలమ్మా, మోచేతి దాకానా?" అని అడుగుతాను. మరి హ్యాండ్ అంటే మణికట్టు కింద చెయ్యేనా?

మాధవి_డాలస్

అవునండీ, హ్యాండ్ మణికట్టు నుంచి వేళ్ళ దాకా. పైదంతా ఆర్మ్. తెలుగులో రెంటికీ చెయ్యే కాబట్టి మనకు ఇబ్బంది రాలేదు.

అనిల్ చెప్పింది నిజమే, కానీ అందులో ఒక గుంట ఉంది. తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాట అర్థం కొంచెం మార్చుకుని ఉంటుంది. మనకు హోటల్ అంటే ఇడ్లీ తినే చోటు. ఇక్కడ హోటల్ అంటే రాత్రి పడుకోవడానికి గది అద్దెకిచ్చే చోటు, తినేది రెస్టారెంట్. కరెంట్ పోయిందంటే ఇక్కడివాళ్ళకు వెంటనే అందదు, పవర్ పోయిందనాలి. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మన క్లాసులో ప్రశ్న అడుగుతున్నామని అర్థం. ఇక్కడ మీటింగులో అలా అంటే "నాకు నమ్మకం కుదరట్లేదు" అన్నట్టు వింటారు. ఇక మా ఊళ్ళో పెద్దవాళ్ళు "మా ఫ్యామిలీ ఊరెళ్ళింది" అంటే భార్య ఒక్కతే వెళ్ళిందని అర్థం.

అందుకే నోట్లో ఉన్న మాటలకే ముందు ఇంగ్లీషు వివరణ చూడమంటాను. కొత్త మాటలకన్నా ఇవే ఎక్కువ మోసం చేస్తాయి.

దోహా_శ్రీను

మాది జగిత్యాల దగ్గర పల్లె, ఇక్కడ సైటులో పనిచేస్తున్నా. మా దగ్గర మాట అర్థం తెలియకపోతే మార్కులు కాదు, ప్రాణాలు పోతాయి. డ్రమ్ముల మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలు కరెక్ట్, ఇన్‌కరెక్ట్ లెక్కన ముందు 'ఇన్' ఉంది కాబట్టి అంటుకోదు అనుకుంటారు. కాదు. ఫ్లేమబుల్ అన్నా ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఒకటే, తొందరగా అంటుకునేది అని. అంటుకోనిదాన్ని నాన్-ఫ్లేమబుల్ అంటారు. మా సేఫ్టీ క్లాసులో దానికి చెప్పిన వివరణ 'ఇట్ కెన్ క్యాచ్ ఫైర్ ఈజీలీ'. అయిదు చిన్న మాటలు. హిందీవాళ్ళకు, నేపాలీలకు, మనవాళ్ళకు అందరికీ ఒకేసారి అర్థమైంది. తెలుగులో చెప్తే నాకొక్కడికే అర్థమయ్యేది.

పాత_మాష్టారు

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆలస్యంగా చూశాను.

రాజేశ్వరమ్మా, వివరణలు చదవడంతో ఆగకు. నువ్వే రాయి. అదేం పెద్ద విద్య కాదు, మన పొడుపుకథను తిరగేయడమే. 'కిటకిట తలుపులు, కిటారు తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు' అంటే కనురెప్పలని పిల్లలు ఠక్కున చెప్తారు. పొడుపుకథ దాచి అడుగుతుంది, వివరణ విప్పి చెబుతుంది. రెండింట్లోనూ ఆ వస్తువు పేరు మాత్రం రాకూడదు.

ముందు అది ఏ రకమో చెప్పు. మనిషా, చోటా, పనిముట్టా, జంతువా? తరవాత ఆ రకంలో మిగతావాటికీ దీనికీ తేడా చెప్పు. 'టైలర్: ఎ పర్సన్ హూ మేక్స్ క్లోత్స్'. 'కిచెన్: ఎ రూమ్ వేర్ యు కుక్ ఫుడ్'. 'సిజర్స్: ఎ టూల్ ఫర్ కటింగ్ క్లాత్ ఆర్ పేపర్'. పర్సన్ హూ, ప్లేస్ వేర్, టూల్ ఫర్, థింగ్ దట్. ఈ నాలుగు ఎత్తుగడలు పట్టుబడితే ఇంట్లో సామాను సగం చెప్పేయొచ్చు. పనులైతే 'టు'తో మొదలుపెట్టాలి. 'స్టిచ్: టు జాయిన్ పీసెస్ ఆఫ్ క్లాత్ విత్ ఎ నీడిల్ అండ్ థ్రెడ్'. గుణాలకు వ్యతిరేకం పనికొస్తుంది, 'డ్రై: నాట్ వెట్' అని. అయితే వెట్ దగ్గరికొచ్చి 'నాట్ డ్రై' అన్నావంటే రెండూ తెలియనివాడు అక్కడే తిరుగుతుంటాడు. ఒకదానికైనా విడిగా చెప్పాలి. 'వెట్: విత్ వాటర్ ఆన్ ఇట్' అంటే సరిపోతుంది. మంచి డిక్షనరీలు రాసేవాళ్ళకు కూడా ఈ చక్రం తప్పించడమే పెద్ద తలనొప్పి.

కూరగాయలకు, చెట్లకు, చేపలకు ఈ శ్రమ వద్దు. బ్రింజాల్ గురించి ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసినా కళ్ళ ముందుకు వంకాయ రాదు. వంకాయ అని రాసుకుని ముందుకు పో.

మాధవి_డాలస్

మాష్టారూ, ఇక్కడ బ్రింజాల్ అంటే ఎవరికీ తెలియదు. ఎగ్‌ప్లాంట్ అంటారు. లండన్‌లో ఓబర్జీన్.

పాత_మాష్టారు

చూశావా, వంకాయకి మూడు పేర్లు. వంకాయ మాత్రం ఒకటే.

నర్సన్న_నల్లగొండ

నేను మొదటినుంచి మొత్తుకునేది అదే మాష్టారూ. తెలుగు అర్థం చాలు.

పాత_మాష్టారు

వంకాయ దగ్గర నువ్వే గెలిచావు నర్సన్నా. ఇప్పుడు 'చూడు' దగ్గరికి రా. సీ, లుక్, వాచ్. మూడింటికీ అలాంటి గైడుల్లో 'చూచుట' అనే ఉంటుంది. మరి టీవీని ఏం చేస్తాం? ఫోటోని ఏం చేస్తాం? బడిలో పిల్లలు 'ఐ యామ్ సీయింగ్ టీవీ' అని రాసేది ఈ ఒక్క 'చూచుట' వల్లే.

చిన్న వివరణ పెట్టుకో. సీ అంటే కళ్ళు తెరిచి ఉంటే దానంతటదే కంటబడడం. లుక్ అంటే కావాలని అటు కళ్ళు తిప్పడం. వాచ్ అంటే కదిలేదాన్నో మారేదాన్నో కాసేపు చూస్తూ ఉండడం. అందుకే ఫోటోను లుక్ ఎట్, క్రికెట్‌ను వాచ్. హియర్, లిజన్ కూడా ఇంతే. రెండూ 'వినుట' కావు. మొదటిది వినపడడం, రెండోది చెవి పెట్టి వినడం.

నర్సన్న_నల్లగొండ

మీరు కూడా ఆ తేడా తెలుగులోనే చెప్పారు కదా సార్! కంటబడడం, కళ్ళు తిప్పడం, వినపడడం. తెలుగులో మాటలు లేక కాదు, గైడు రాసినాయన బద్ధకం.

చదువరి

ఈ పాయింట్ నర్సన్న గారిదే. తెలుగు ఒక్కమాట అర్థం వేరు, తెలుగులో వివరణ వేరు. మనం ఇంతసేపూ ఆ రెంటినీ కలిపేసి కొట్టుకుంటున్నాం.

గైడుల్లో ఇంకో రోగం కూడా ఉంది. తెలుగు అర్థానికే తెలుగు అర్థం కావాలి. పరిత్యజించు, ఉపశమించు, అమూర్తం, అభిశంసన. ఇంగ్లీషు మీడియం పిల్లాడికి 'ఆబ్‌స్ట్రాక్ట్ – అమూర్తం' అని చెప్తే వాడికి తెలియని మాటలు ఒకటి నుంచి రెండయ్యాయి. పాతకాలం నిఘంటువుల నుంచి తెచ్చి అతికించడం వల్ల వచ్చిన తిప్పలివి. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేసిన నిఘంటువు నాకు చాలా ఇష్టం, ఆంధ్రభారతి సైటులో ఎప్పుడూ చూస్తుంటాను. అయితే అది ఆనాటి తెలుగు తెలుసుకోవడానికి. ఈరోజు బ్యాంకులో ఫారం నింపడానికి కాదు.

కుట్టుమిషన్_రాజేశ్వరి

మీరందరూ ఇంత ఓపిగ్గా చెప్తుంటే భలే సంతోషంగా ఉంది. ఒక సందేహం. చీర కట్టుకుంటాం, చొక్కా వేసుకుంటాం, గాజులు తొడుక్కుంటాం, బొట్టు పెట్టుకుంటాం, పూలు ముడుచుకుంటాం. వీటన్నిటికీ బాబు పుస్తకంలో 'వేర్' ఒక్కటే ఉంది. నిజంగా అన్నిటికీ అదేనా?

మాధవి_డాలస్

అన్నిటికీ అదేనండీ. కళ్ళజోడు, వాచీ, మేకప్, సెంటు కూడా వేరే. 'టు హావ్ సంథింగ్ ఆన్ యువర్ బాడీ' అని గుర్తుపెట్టుకోండి. ఇక్కడ హావ్ అన్న మాట ముఖ్యం. ఒంటి మీద ఉండడం వేర్, వేసుకునే పని 'పుట్ ఆన్'. పొద్దున చీర కట్టుకునేటప్పుడు పుట్ ఆన్, ఆ తర్వాత రోజంతా వేర్. తెలుగులో 'కట్టుకుంది' అంటే రెండూ వచ్చేస్తాయి కాబట్టి మనకు ఆ గీత కనపడదు.

చదువరి

వెస్ట్ డిక్షనరీ కంటే ముందే ఇంకా తక్కువ మాటలతో సరిపెట్టాలని చూసినాయన ఉన్నాడు. సి.కె. ఆగ్డెన్, 1930లో బేసిక్ ఇంగ్లీష్ అని 850 మాటల జాబితా. వస్తువులు, భావాల పేర్లు 600, గుణాలు 150, మిగిలిన 100లో క్రియలు 18 మాత్రమే. కమ్, గో, గెట్, గివ్, టేక్, పుట్, మేక్ ఇలాంటివి. ఎంటర్ అక్కర్లేదు, గో ఇన్ అనొచ్చు. రాజేశ్వరి గారు దానితో మొదలుపెడితే ఎలా ఉంటుంది?

పాత_మాష్టారు

వద్దు బాబూ. జాబితాగా ముచ్చటగా ఉంటుంది, మనవాళ్ళకు మాత్రం ఉచ్చు. టాలరేట్ తీసేసి 'పుట్ అప్ విత్' పెడతాడు. పుట్ తెలుసు, అప్ తెలుసు, విత్ తెలుసు. మూడూ కలిస్తే 'ఓర్చుకోవడం' అని ఏ తెలుగువాడు ఊహిస్తాడు? పెద్ద మాట ఒక్కటి నేర్చుకోవడమే సుఖం. చిన్న మాటలన్నీ తేలికని ఇంగ్లీషువాళ్ళకు అనిపిస్తుంది, వాళ్ళు పుట్టినప్పటినుంచీ వింటున్నారు కాబట్టి. నా సర్వీసంతా చూశాను, పిల్లలు తప్పులు చేసేది ఎలిఫెంట్ దగ్గర కాదు, గెట్ దగ్గర.

వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లో మొదలుపెట్టిన స్పెషల్ ఇంగ్లీష్ వార్తలు నాకు నచ్చేవి. సుమారు 1,500 మాటలు, చిన్న వాక్యాలు, నిదానంగా చదివేవాళ్ళు. షార్ట్‌వేవ్ గరగరలో కూడా అర్థమయ్యేది.

నర్సన్న_నల్లగొండ

అసలు ఎన్ని మాటలు వస్తే ఇంగ్లీషు వచ్చినట్టు? ఒకరు 850 అంటారు, ఒకరు 2,000 అంటారు.

చదువరి

దేనికి అన్నదాన్ని బట్టి. ఎక్కువగా వాడే 2,000 పదకుటుంబాలు వస్తే మామూలు రాతలో పదింట ఎనిమిది మాటలు తెలిసినట్టే. పదకుటుంబం అంటే హెల్ప్, హెల్ప్‌ఫుల్, హెల్ప్‌లెస్ లాంటివన్నీ కలిపి ఒకటి. వినడానికి బాగుంది గానీ పదింట రెండు తెలియకపోతే పేపరు చదవడం నరకమే, ప్రతి లైన్లోనూ ఆగాలి. డిక్షనరీ ముట్టకుండా నవలలు, పేపర్లు చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల కుటుంబాలు కావాలని నేషన్ లెక్క. అందుకే 2,000 అయ్యాక లెర్నర్స్ డిక్షనరీ చేతిలో ఉండాలంటున్నాను. ఆ మధ్య దూరం దాంతోనే నడవాలి.

గుంటూరు_కిషోర్

ఆ డిక్షనరీ పీడీఎఫ్ ఫ్రీగా ఎవరిదగ్గరైనా ఉందా? లింకు పెట్టండి ప్లీజ్.

నిర్వాహకులు

దొంగ పీడీఎఫ్ లింకులు ఇక్కడ పెట్టొద్దు, అడగొద్దు. పెద్ద లెర్నర్స్ డిక్షనరీలు చాలావరకు ఆన్‌లైన్లో ఉచితంగానే చూసుకోవచ్చు. సింపుల్ ఇంగ్లీష్ విక్షనరీ కూడా ఉంది.

అనిల్_కూకట్‌పల్లి

ఫోన్లో చేసుకోవాలంటే అంకీ అని యాప్ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఫ్రీ, ఐఫోన్‌లో డబ్బులు. మర్చిపోయే మాటలు తొందరగా, గుర్తున్నవి ఆలస్యంగా మళ్ళీ అడుగుతుంది. చాలామంది కార్డు ముందు ఇంగ్లీషు మాట, వెనక అర్థం పెడతారు. నేను తిరగేసి పెడతాను. ముందు వివరణ, వెనక మాట. వివరణ చూసి మాట గుర్తుతెచ్చుకోవాలి. కష్టమే, కానీ మాట్లాడేటప్పుడు మనకు జరిగేది అదే కదా. చెప్పాల్సింది బుర్రలో ఉంటుంది, మాట దొరకదు.

రెడీమేడ్ కార్డులు డౌన్‌లోడ్ చేసుకోవద్దు అక్కా. మీ చేత్తో రాసుకున్నవే నిలుస్తాయి.

మాధవి_డాలస్

మాట దొరకదు అంటే గుర్తొచ్చింది. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు టీ వడకట్టుకునే జాలీ కావాలని ఒక్కరే షాపుకెళ్ళారు. స్ట్రెయినర్ అన్న మాట ఆవిడకు తెలియదు. షాపబ్బాయితో "థింగ్ విత్ స్మాల్ హోల్స్, ఫర్ టీ" అన్నారట. నేరుగా తీసుకెళ్ళి చూపించాడు. ఎమ్మెస్ చేసిన మా ఆయనైతే ఫోన్ తీసి ట్రాన్స్‌లేట్ వెతుకుతూ నిలబడతాడు.

నా లెక్కలో వివరణలు రాయడం వల్ల అసలు లాభం ఇది. తెలిసిన మాటలు పెరగడం ఒక ఎత్తు, తెలియని మాట దగ్గర నోరు ఆగకపోవడం ఇంకో ఎత్తు. తెలుగు అర్థాలు ఎన్ని బట్టీ పట్టినా ఈ రెండోది రాదు. నర్సన్న గారు దీనికేమంటారో!

నర్సన్న_నల్లగొండ

మీ అత్తగారికి నా తరఫున దండం పెట్టండి మేడం. మా డ్రైవర్లు కూడా అంతే. మహారాష్ట్ర దాటినంక హిందీ, ఇంగ్లీషు కలిపి "వో టైర్ ఉఠానేవాలా థింగ్" అంటే జాకీ ఇస్తారు. దానికి డిక్షనరీ అక్కర్లేదు, ధైర్యం ఉంటే చాలు.

కుట్టుమిషన్_రాజేశ్వరి

మాష్టారు గారూ, మీరు చెప్పినట్టు రాసి చూశాను. దిద్దండి.

నీడిల్: ఎ థిన్ షార్ప్ టూల్ ఫర్ స్టిచింగ్.
బటన్: ఎ స్మాల్ రౌండ్ థింగ్ ఆన్ ఎ షర్ట్.
కస్టమర్: ఎ పర్సన్ హూ గివ్స్ మనీ.
అర్జెంట్: వాంట్ టుమారో.
టేప్: ఎ లాంగ్ థింగ్ విత్ నంబర్స్.

చీరకు వేసే 'ఫాల్' కోసం వెతికితే పడడం అని వచ్చింది. 'పీకో' అసలు దొరకలేదు.

పాత_మాష్టారు

నీడిల్ బాగుంది. 'విత్ ఎ స్మాల్ హోల్ ఫర్ థ్రెడ్' కలిపితే మేకు నుంచి, గుండుసూది నుంచి విడిపోతుంది. బటన్ ఎలా ఉంటుందో చెప్పావు గానీ ఎందుకో చెప్పలేదు. 'యు పుట్ ఇట్ త్రూ ఎ హోల్ టు క్లోజ్ ఎ షర్ట్' అను. చొక్కా మీద చెమ్కీ కూడా గుండ్రంగానే ఉంటుంది మరి.

కస్టమర్: 'ఎ పర్సన్ హూ బైస్ థింగ్స్ ఆర్ సర్వీసెస్'. ఉత్త డబ్బిచ్చేవాడైతే మీ ఆయన కూడా కస్టమరే. టేప్‌కి 'ఫర్ మెజరింగ్' కావాలి. అర్జెంట్ దగ్గర గట్టిగా నవ్వాను. నీ షాపుకి అది సరైన అర్థమే, అయినా 'సంథింగ్ యు మస్ట్ డూ నౌ' అని రాసుకో.

చదువరి

పీకో మీద చిన్న ముచ్చట. అది పికాట్ అన్న ఫ్రెంచి మాట, అంచున దారంతో వేసే చిన్న చిన్న ఉచ్చులకు పేరు. ఫ్రెంచివాళ్ళు అందులో చివరి 'టి' పలకరు కాబట్టి 'పీకో'. మన వీధి చివర బోర్డు మీద 'ఫాల్స్ అండ్ పీకో' అని రాసినతను ఆ ఫ్రెంచి మాటను సరిగ్గానే పలుకుతున్నాడు. ఫాల్ మాత్రం చీర గురించి తెలిసినవాళ్ళ మాటే. పరాయివాళ్ళకు 'ఎ లాంగ్ స్ట్రిప్ ఆఫ్ క్లాత్ స్టిచ్డ్ ఇన్‌సైడ్ ది లోయర్ ఎడ్జ్ ఆఫ్ ఎ శారీ' అని మీరే చెప్పాలి.

ఇంకో సంగతి. 1987లో కోబిల్డ్ అనే డిక్షనరీ వచ్చింది, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ నడిపించిన పని. అందులో వివరణలు పూర్తి వాక్యాలుగా ఉంటాయి. 'ఇఫ్ యు ఫోల్డ్ ఎ క్లాత్...' అని మొదలై, ఏమవుతుందో చెప్తుంది. అర్థంతోపాటు ఆ మాట వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందో తెలుస్తుంది. పనుల పేర్లకు అలా రాసి చూడండి. 'ఇఫ్ యు బారో ఎ పెన్, యు టేక్ ఇట్ అండ్ గివ్ ఇట్ బ్యాక్ లేటర్'. ఇలా రాసుకున్నవాళ్ళు ఎదుటివాణ్ణి "ప్లీజ్ బారో మీ ఎ పెన్" అని అడగరు.

దోహా_శ్రీను

ఇది మా రూములో ఆడుతున్నాం ఇప్పుడు. ఒకడు వివరణ చెప్పాలి, మిగతావాళ్ళు మాట చెప్పాలి. నిన్న మావాడు 'ఎ పర్సన్ హూ సేస్ టుమారో, టుమారో' అన్నాడు. అందరూ సూపర్‌వైజర్ అన్నారు. వాడు అనుకున్నది టైలర్ అట. రాజేశ్వరక్కా, ఏమనుకోకండి.

కుట్టుమిషన్_రాజేశ్వరి

అనుకోను తమ్ముడూ, పెళ్ళిళ్ళ సీజన్లో నిజమే.

మాష్టారు గారూ, 'ఆల్మోస్ట్' ఎలా చెప్పాలి? బాబు అడిగాడు. వస్తువూ కాదు, పనీ కాదు.

నర్సన్న_నల్లగొండ

దాదాపు. అయిపోయింది. దీనికి కూడా వివరణ కావాలా?

పాత_మాష్టారు

'ఆల్మోస్ట్ టెన్ ఓ క్లాక్' అంటే దాదాపు పది, ఒప్పుకున్నాను. 'ఐ ఆల్మోస్ట్ ఫెల్' అంటే? దాదాపు పడ్డాను అని ఎవరైనా అంటారా? 'పడబోయాను' అంటాం. 'నాట్ కంప్లీట్లీ, బట్ వెరీ నియర్' అని రాసుకుంటే రెండు చోట్లా సరిపోతుంది.

నర్సన్న_నల్లగొండ

పడబోయాను... ఇది మాత్రం ఒప్పుకుంటా. సరే, నాదొకటి అడుగుతా. 'బేర్లీ'. మా మేనేజర్ మెయిల్లో ఎప్పుడూ ఉంటుంది, 'వి బేర్లీ మేడ్ ఇట్' అని.

పాత_మాష్టారు

'ఓన్లీ జస్ట్'. ఇంకొంచెం తగ్గితే అయ్యేది కాదు అని.

నర్సన్న_నల్లగొండ

అయితే బొటాబొటి! బొటాబొటి మార్కులతో పాసైనట్టు. తెలుగు అర్థమే చాలు కదా మాష్టారూ?

పాత_మాష్టారు

అక్కడ చాలు. 'ఐ బేర్లీ నో హిమ్' దగ్గర మాత్రం బొటాబొటి అనకు. ఆయన నాకు అంతంత మాత్రమే తెలుసు, అను.